జోసాన్ అలియాస్ గ్లెండా

సోమవారం మధ్యాహ్నం ఫిజిక్స్ లాబ్ నుంచి బయటికొచ్చి ఫోను చూసుకుంటే మెడికల్ ఫ్యాకల్టీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చి ఉంది. ఉత్తరమంటే నాలుగు ముక్కలు.

"మీ దరఖాస్తుకి జతచేసిన నాలుగు సేవా పత్రాలూ గ్లెండా జోఫీల్డ్ అనే వ్యక్తివి. దరఖాస్తుదారు పేరు జోసాన్ అలెయిన్. ఇతరుల పత్రాలను పరిగణించలేము. ఇద్దరూ ఒకరే అయితే, పుట్టుక పత్రంలో పేరున్న తల్లి గాని తండ్రి గాని ఇచ్చిన ప్రమాణ పత్రాన్ని శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల లోపు దాఖలు చేయగలరు."

మొదటిసారి చదివినప్పుడు తప్పు వాళ్లదే అనుకున్నాను, ఒట్టు. ఆ నాలుగు కాగితాలూ స్కాన్ చేసి ఎక్కించింది నేనే. సంతకం ఉందా, ముద్ర ఉందా, తేదీ ఉందా అని రెండేసి సార్లు సరిచూసుకున్నాను. పేరు మాత్రం చూడలేదా అంటే, చూశాను. గ్లెండా జోఫీల్డ్ అని ఉంది. నేనే కదా అనుకుని పంపేశాను.

మా ట్రినిడాడ్‌లో డాక్టరు సీటుకి మార్కులొక్కటే చాలవు. స్కూలు ఆఖరి తరగతి, అంటే అప్పర్ సిక్స్ పిల్లలందరికీ ఇది కంఠస్థం. సైన్సుల్లో గ్రేడ్ వన్లు రావాలి, పైగా నువ్వూ మనిషివేనని రుజువు చూపించాలి. సేవో, ఆటో, సంగీతమో, ఏదో ఒకటి, దాని కింద ఎవరైనా పెద్దమనిషి సంతకం. మా క్లాసు పిల్లలు కొందరు ఈ రుజువు కోసమే ఆఖరి ఏడాదిలో వృద్ధాశ్రమాల మీద పడ్డారు. ఒక ముసలావిడకి ఒకే రోజున ముగ్గురు వంతులేసుకుని తల దువ్వారట, పాపం, ఆవిడకున్న నాలుగు వెంట్రుకలూ ఊడాయి. నాకు ఆ అవస్థ రాలేదు. నాకు గ్లెండా ఉంది.

గ్లెండా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. అమ్మా నేనూ ఉండేది అరీమాలో. నానమ్మ ఉండేది కుముటో ఊళ్లో, మాక్సీ వ్యాను ఎక్కితే ముప్పావుగంట. అమ్మానాన్నా పెళ్లి చేసుకోలేదు. నేను పుట్టాక నా పేరు రిజిస్టరు చేయించే రోజున తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెడితే గాని ఆయన పేరు కాగితం మీదికి ఎక్కదు. నాన్న రాలేదు. ఆ వారం ఆయన పాన్ బ్యాండుకి పనోరమా పోటీల్లో సెమీఫైనల్ ఉంది. తండ్రి గడి ఖాళీగా ఉండిపోయింది, నేను అమ్మ ఇంటిపేరుతో అలెయిన్‌నయ్యాను. నూనె పీపా అడుగుని సాగగొట్టి చేసే ఆ పాన్ వాద్యమంటే దేశమంతా ప్రాణం పెడుతుంది. మా ఇంట్లో మాత్రం పాన్ అన్న మాట వినబడితే అమ్మ గిన్నెలు ఎత్తి పడేసేది. నాన్న ఆ తర్వాత టొబాగోలో స్థిరపడ్డాడు, పుట్టినరోజుకి ఫోన్ చేస్తాడు. నానమ్మతో అమ్మకి తగువేమీ లేదు. మాటలూ లేవు.

మా అరీమా ఇంటి కింద రమ్ము దుకాణం. శుక్రవారం నుంచి ఆదివారం దాకా దాని స్పీకర్లకి మంచం కూడా అదురుతుంది. చదువు పాడవుతుందని నా పదకొండో ఏటి నుంచి అమ్మ నన్ను శుక్రవారం సాయంత్రాలు నానమ్మ దగ్గరికి పంపేది. అక్కడ ప్రశాంతంగా ఉంటుందని అమ్మ నమ్మకం. నానమ్మ పెరటి కంచె అవతల ఏముందో అమ్మకి తెలీదు. అక్కడ ఊరి బ్యాండు సాధన చేసే పాన్ యార్డు ఉంది.

మొదటి శనివారమే కంచె దాటాను. బ్యాండు కెప్టెన్ ఆన్సెల్ నన్నొక పాత టెనర్ పాన్ ముందు నిలబెట్టాడు. దాని అంచు మీద ఎర్ర రంగుతో గ్లెండా అని రాసుంది, అంతకుముందు దాన్ని వాయించినావిడ పేరు. "ఏయ్ గ్లెండా, కర్రలు అలా కాదే పట్టుకోవడం, చీపురనుకున్నావా?" అన్నాడు. అంతే, పేరు స్థిరపడిపోయింది. మా యార్డులో సొంత పేరుతో బతికేవాళ్లు ఎవరూ లేరు. తాళం కోసం ఐరన్ ముక్క కొట్టేవాడి పేరు గురువారం, ఎందుకో వాడికీ తెలీదు. బేస్ వాయించే లావుపాటావిడ బిషప్. నెల తిరక్కుండా నానమ్మ కూడా గ్లెండా అనేసింది. నానమ్మ ఇంటిపేరు జోఫీల్డ్, ఊళ్లో అందరికీ నేను జోఫీల్డ్ వాళ్ల పిల్లని కాబట్టి గ్లెండా జోఫీల్డ్‌నయ్యాను.

గ్లెండా నాలాంటిది కాదు. అది వాగుడుకాయ. పదమూడేళ్లకే చిన్నపిల్లల్ని పోగేసి పాన్ నేర్పింది. ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నర్సు శనివారాలు ఇంటింటికీ తిరుగుతుంటే సంచి పట్టుకుని వెంటబడింది, తర్వాత తనే ముసలివాళ్లకి షుగరు చూసి నోటుబుక్కులో రాసేది. వాళ్లతో పరాచికాలాడేది, మందు మింగకపోతే తిట్టేది. సోమవారం పొద్దున యూనిఫాం తొడుక్కుని అరీమా స్కూలు గేటు దాటగానే నేను జోసాన్‌ని. జోసాన్ ముందు బెంచీలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడదు. మా స్కూలు డీన్ మిస్ అచాంగ్ సిఫారసు ఉత్తరంలో ఇలా రాసింది: "జోసాన్ తెలివైన విద్యార్థిని. నలుగురిలో కలవడం నేర్చుకోవాలి." కెప్టెన్ ఆన్సెల్ తన ఉత్తరంలో, "గ్లెండా లేకపోతే ఊరికి నోరు లేదు. పుస్తకాలు చదవమని మేమే పోరుతుంటాం" అని రాశాడు. రెండూ ఒకే దరఖాస్తుకి ఎక్కించి పంపాను, నా తెలివి తగలెయ్య!

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు నీళ్లలో పడతారు. నేను కెమిస్ట్రీలో పడ్డాను. కిందటేడాది లోయర్ సిక్స్‌లో లాబ్ రికార్డులు ఇవ్వాల్సిన వారం, పనోరమా వారం ఒకటే వచ్చాయి. గ్లెండా టెనర్ వరస ముందు నిలబడి వాయించింది, జోసాన్‌కి గ్రేడ్ టూ వచ్చింది. "అంత ప్రశాంతంగా చదివీ టూ ఎలా వచ్చిందే?" అని అమ్మ అడిగితే ప్రశ్నాపత్రం కష్టంగా ఉందన్నాను.

దీన్ని మించిన చిక్కు ఇంకొకటి ఉంది. అమ్మ జిల్లా ఆసుపత్రి వార్డులో ఆయా. కుముటో నుంచి బూద్‌రామ్ అనే ముసలాయన కాలి పుండుతో మూడేళ్లుగా అక్కడికి వచ్చిపోతుంటాడు. ఆయనకి నోరు మూతపడదు. "మా ఊళ్లో గ్లెండా అని ఓ పిల్ల ఉందమ్మా, నా షుగరు అదే రాస్తుంది. మా పెద్ద కోడలు నన్ను మర్చిపోయినా అది మర్చిపోదు." అమ్మ ఇంటికొచ్చి పెలావ్ వడ్డిస్తూ నాకు చెప్పేది.

"చూడవే, పాన్ యార్డులో తిరిగే పిల్లే అట. అయినా ముసలాళ్లంటే ఎంత దయో. నువ్వూ ఉన్నావు, పుస్తకంలోంచి తల ఎత్తవు. కింద దుకాణం ఆంటీ ఎదురొస్తే గుడ్ మార్నింగ్ చెప్పడానికి నీకు నోరు రాదు. డాక్టరువై ఏం చేస్తావే, గోడలకి వైద్యం చేస్తావా?"

నేను తేలు కుట్టిన దొంగలా అన్నం తినేదాన్ని. కోపం వచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు. ఆ గ్లెండా అంటే అసూయతో ఒళ్లు మండేది, అది నేనే అని గుర్తొచ్చాక ఇంకా మండేది.

మంగళవారం స్కూలు ఎగ్గొట్టి కుముటో వెళ్లాను. ఆన్సెల్ యార్డులో పాన్ స్టాండ్లకి రంగేస్తున్నాడు. "కెప్టెన్, నా ఉత్తరం మళ్లీ రాయాలి. జోసాన్ అలెయిన్ పేరుతో" అన్నాను.

"జోసాన్ ఎవరే?"

"నేనే."

బ్రష్షు డబ్బాలో పెట్టి నన్ను పైనుంచి కిందదాకా చూశాడు. "ఏడేళ్లుగా ఈ యార్డులో జోసాన్ అన్న మనిషిని చూడలేదు నేను. గురువారం, నువ్వు చూశావురా?"

"అదేదో సబ్బు పేరులా ఉందే" అన్నాడు గురువారం.

"నవ్వకండి, నా సీటు పోతుంది!"

ఆన్సెల్ నవ్వు ఆపాడు. "తల్లీ, రాస్తాను, నాదేం పోయింది. కానీ నర్సమ్మ రిజిస్టర్లో గ్లెండా, పిల్లల క్యాంపు సర్టిఫికెట్లో గ్లెండా, పనోరమా జాబితాలో గ్లెండా. నేనొక్కణ్ణి జోసాన్ అంటే నిన్ను కాదు, నన్ను దొంగంటారు. వాళ్లు అడిగిందేదో అదే ఇవ్వు. మీ అమ్మ చేత ప్రమాణం చేయించు."

నానమ్మ దగ్గరికి పోయి ఏడ్చాను. ఆవిడ కసావా దుంపలు చెక్కుతూ వింది. "నేను వచ్చి చెప్పనా?" అంది. మళ్లీ తనే, "నా మాట చెల్లదులే. నీ పుట్టుక కాగితంలో మావాళ్లెవరూ లేరుగా" అంది. ఇంకో దుంప అందుకుని, "మీ అమ్మకి ఏడేళ్లూ అబద్ధం చెప్పింది నువ్వొక్కదానివే కాదు, నోరు విప్పకుండానే నేనూ చెప్పాను. ముందు తిట్లు తినేసి రా, మిగతావి నేను తింటా" అంది.

బుధవారం చెబుదామనుకున్నాను. అమ్మ పిండి పిసుకుతోంది. "అమ్మా, యూనివర్సిటీ వాళ్ల కాగితంలో పేరు తప్పు పడింది. నువ్వు వచ్చి ఒక సంతకం పెట్టాలి" అన్నాను. ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు, నిజం కూడా లేదు.

"మళ్లీ అలెయిన్‌ని అలెన్ చేశారా? ఆ గుమాస్తాలకి చదువే రాదు" అంది అమ్మ.

గురువారం కూడా చెప్పలేదు. ఒకవేళ చెబితే ఏమని చెప్పాలి? నేను గ్లెండానని చెబితే జోసాన్ దొంగ. నేను జోసాన్‌నని చెబితే గ్లెండా చేసిన పనులన్నీ నావి కావు. గ్రేడ్లు ఒకదానివి, సేవలు ఇంకొకదానివి. ఇద్దర్నీ కలిపితే ఒక డాక్టరు అవుతుందేమో, విడదీస్తే ఏ ఒక్కతీ ఎందుకూ పనికిరాదు. నాకే అర్థం కాని దాన్ని పిండి చేతులతో నిలబడ్డ అమ్మకి ఏం విప్పి చెప్పను!

శుక్రవారం అమ్మ సెలవు పెట్టి, చర్చికి వేసుకెళ్లే నీలం గౌను తొడుక్కుని, టోపీ కూడా పెట్టుకుని బయల్దేరింది. ప్రమాణం కదా మరి. కోర్టు వెనక సందులో ప్రమాణ పత్రాల కమిషనర్ మిస్ గిబ్బింగ్స్ ఆఫీసు. బల్లా, టైపు మిషనూ, అట్ట చిరిగిన బైబిలూ, మూలన నీళ్ల కూజా. నేను ముందే ఇచ్చిన కాగితాల్ని బట్టి ఆవిడ పత్రం టైపు చేసి ఉంచింది. గొంతు సవరించుకుని చదవడం మొదలెట్టింది.

"మెర్లీన్ అలెయిన్ అను నేను, నా కుమార్తె జోసాన్ అలెయిన్, గ్లెండా జోఫీల్డ్ అని కూడా పిలవబడునది, గత ఏడు సంవత్సరములుగా..."

"ఆగండి" అంది అమ్మ. "ఏమని పిలవబడేది?"

"గ్లెండా జోఫీల్డ్. జతపరచిన పత్రాలు నాలుగు." ఆవిడ వాటిని బల్ల మీద పేకముక్కల్లా పరిచింది.

అమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. ఒక్కోటీ చదివింది. తొందరేమీ పడలేదు. నేను బైబిలు అట్ట చూస్తూ కూర్చున్నాను. పనోరమా జాబితా దగ్గర, నా లాబ్ రికార్డుల వారం నాటి తేదీ మీద ఆవిడ వేలు ఆగిపోయింది. చివరికి నర్సు ఉత్తరం తీసింది.

"బూద్‌రామ్‌కి షుగరు చూసేది ఎవరు?" అంది. గొంతు మామూలుగానే ఉంది, అందుకే భయమేసింది.

"నేనే."

"పాన్ యార్డులో ఉండేది?"

"నేనే అమ్మా."

"కెమిస్ట్రీలో టూ తెచ్చుకుంది ఎవరు? నువ్వా, అదా?"

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు.

"మూడేళ్లు! ఆ పిల్ల గురించి నేను చెబుతుంటే ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు. ముద్ద ఎలా దిగిందే నీకు?"

మిస్ గిబ్బింగ్స్ గడియారం చూసింది. "మేడమ్, వీళ్లు ఒకరా ఇద్దరా? ఒకరైతే చెయ్యి బైబిల్ మీద పెట్టండి. నాకు భోజనం వేళవుతోంది."

"ఇందులో నాకు స్వయంగా తెలుసని రాశారు" అంది అమ్మ. "నాకు జోసాన్ తెలుసు. దాని పాలపళ్లు ఎప్పుడు ఊడాయో కూడా తెలుసు. ఈ గ్లెండా ఎవరో నాకు తెలీదు. కనీసం ముఖం కూడా చూడలేదు. తెలియని మనిషి గురించి దేవుడి పుస్తకం మీద చెయ్యి పెట్టలేను."

"అమ్మా, నాలుగింటికల్లా ఇవ్వకపోతే—"

"తెలుసు" అంది. లేచి, టోపీ సర్దుకుని, తలుపు తోసుకుని సందులోకి వెళ్లిపోయింది.

మిస్ గిబ్బింగ్స్ నా వంక జాలిగా చూసి కాగితాలు సర్దసాగింది. "ఈ దేశంలో సగం మందికి రెండు పేర్లు పాపా. నాకే ఒకటుంది, చెప్పనులే" అంది. నేను కూజా దగ్గరికెళ్లి నీళ్లు వంచుకున్నాను. ఇంక అయిపోయింది, వచ్చే ఏడాది మళ్లీ పరీక్షలు, మళ్లీ దరఖాస్తు అనుకున్నాను. గ్లాసు నిండిపోయి నీళ్లు బూట్ల మీద పడ్డాయి.

"గ్లెండా!"

"ఆఁ, వస్తున్నా!" అన్నాను.

వెనక్కి తిరిగాను. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఆ పేరు ఆ గొంతులో ఎప్పుడూ వినలేదు నేను. కళ్లు నా మీదే పెట్టి, "చూశారా, పిలిస్తే పలికింది" అంది మిస్ గిబ్బింగ్స్‌తో.

"అయితే ప్రమాణం చేస్తారా?"

"ఏడేళ్లుగా తెలుసు అన్న ముక్క కొట్టెయ్యండి. ఈ పూటే తెలిసిందని రాయండి."

"అలా రాస్తే యూనివర్సిటీ వాళ్లు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను మేడమ్."

"ఒప్పుకోకపోతే మానెయ్యమనండి. అబద్ధాలు చెప్పేవాళ్లు మా ఇంట్లో ఇప్పటికే ఉన్నారు."

టైపు మిషను మళ్లీ టకటకలాడింది. అమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టి, ఆవిడ చెప్పినట్టల్లా చెప్పింది. జోసాన్‌ని పద్దెనిమిదేళ్లుగా ఎరుగుదును. గ్లెండాను ఈ రోజు ఎరిగితిని. ఇద్దరూ ఒకరేనని నమ్ముచున్నాను. సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, కాగితం నాకు ఇవ్వకుండా పట్టుకునే ఉంది.

"ఆ ముసలాయన చెప్పినప్పుడల్లా ఏమనుకునేదాన్నో తెలుసా?" అంది. "ఆ పిల్ల నా కడుపున పుట్టుంటే ఎంత బాగుండేదో అనుకునేదాన్ని. చర్చిలో దాని పేరు చెప్పి ప్రార్థన కూడా చేశాను, ఎక్కడున్నా చల్లగా ఉండాలని. దాన్ని నా ఇంట్లోనే పెట్టుకుని నాకు కనబడనివ్వలేదే నువ్వు!"

క్షమించమని అడగాలి. ఇద్దరిలో ఎవరు అడగాలో నాకు తెలీలేదు. జోసాన్‌కి మాటలు రావు, గ్లెండా ఈవిడతో ఎప్పుడూ మాట్లాడి ఎరగదు.

"అమ్మా" అన్నాను.

అమ్మ నా వంక చూసింది, ఆ పిలిచింది ఎవరా అన్నట్టు.